48 వోల్టులను 3 ఆంపియర్లతో గుణిస్తే 144 వాట్లు రావు: ఇంట్లో చేసిన జనరేటర్ అవుట్‌పుట్ కొలిచే పద్ధతి

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. జమ్మికుంటలో ఇంటి దగ్గరే రెండు ఇనుప ప్లేట్ల మీద 12 చొప్పున నియోడిమియం అయస్కాంతాలు అంటించి, మధ్యలో ఇనుప కోర్ లేకుండా చుట్టి సిరీస్‌లో కలిపిన కాయిల్స్ పెట్టి జనరేటర్ చేశావు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే డీసీ మోటారుతో నిమిషానికి 1500 చుట్లు తిప్పుతున్నావు. మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటోంది, అంటే 96 వాట్లు. జనరేటర్ వైర్లకు మీటరు పెడితే 48 వోల్టులు చూపించింది. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ తర్వాత మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూస్తే 3 ఆంపియర్లు వచ్చింది. రెండూ గుణించి 144 వాట్లన్నావు. "96 ఇస్తే 144 వస్తోంది, ఎక్కడో తప్పుందని నాకే అనిపిస్తోంది. కానీ నాలుగు ఎల్‌ఈడీ బల్బులు బాగానే వెలుగుతున్నాయి. అసలు అవుట్‌పుట్ కొలవడం ఎట్లా అన్నా?" అని అడిగావు.

హన్మకొండలో పన్నెండేళ్లు మోటారు వైండింగ్ పని చేశాను. ఆ తర్వాత ఒక ఇంజినీరింగ్ కాలేజీ మెషిన్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చాలా ఏళ్లు ఉన్నాను. నీలాగా సొంతంగా జనరేటర్ చేసుకొని వచ్చినవాళ్లను కనీసం ముప్పై మందిని చూసి ఉంటాను. అందులో చాలామంది లెక్క ఇక్కడే తప్పింది. నీకు అనుమానం వచ్చింది కాబట్టి సగం పని అయిపోయినట్టే.

నీ జనరేటర్ ఇచ్చేది 144 వాట్లు కాదు. నువ్వు చెప్పిన అంకెలు నిజమైతే దాని గరిష్ఠ అవుట్‌పుట్ 36 వాట్ల దగ్గర ఉంటుంది. కాయిల్స్ తీరును బట్టి పెరగొచ్చు, కానీ 72 దాటదు. ఎందుకో చెప్తాను.

48 వోల్టులు కొలిచినప్పుడు వైర్ల చివర ఏమీ కలపలేదు. అంటే కరెంటు పారడం లేదు. 3 ఆంపియర్లు కొలిచినప్పుడు మీటరే రెండు వైర్లను దాదాపు షార్ట్ చేసేసింది. అంటే వోల్టేజి లేదు. ఈ రెండూ ఒకే క్షణంలో ఉన్న అంకెలు కావు. బోరు మోటారుతో పోల్చుకో. డెలివరీ వాల్వు పూర్తిగా మూసేసి ప్రెషర్ గేజ్ చూస్తే ముల్లు పైకి పోతుంది, కానీ పొలానికి చుక్క నీరు రాదు. పైపు విప్పేసి నేల మట్టానే వదిలితే నీళ్లు బోలెడు వస్తాయి, గేజ్ సున్నా. మూసినప్పటి ప్రెషర్‌ను, విప్పినప్పటి నీళ్లతో గుణించి "నా మోటారు ఇన్ని హార్స్‌పవర్" అని ఏ రైతూ అనడు. నువ్వు చేసిన గుణకారం అదే.

వోల్టేజి, కరెంటు రెండూ ఒకేసారి ఉండాలంటే లోడ్, అంటే కరెంటు తీసుకొని వాడుకునేది ఒకటి ఉండాలి. లోడ్ లేని జనరేటర్‌కు వాట్లు లేవు. మొత్తం సమాధానంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకో.

48ని 3తో భాగిస్తే 16 ఓములు. ఇది నీ జనరేటర్ లోపలి అడ్డంకి అనుకో. బయట లోడ్ కూడా 16 ఓములు పెడితే మొత్తం 32 ఓములు అవుతుంది, కరెంటు 1.5 ఆంపియర్లు పారుతుంది, లోడ్ దగ్గర 24 వోల్టులు మిగులుతాయి. 24 ఇంటూ 1.5 అంటే 36 వాట్లు. లోడ్ 32 ఓములైతే 1 ఆంపియర్, 32 వోల్టులు, 32 వాట్లు. 8 ఓములైతే 2 ఆంపియర్లు, 16 వోల్టులు, మళ్లీ 32 వాట్లే. అటు పోయినా ఇటు పోయినా తగ్గుతుంది. శిఖరం 16 ఓముల దగ్గరే. ఆ శిఖరం దగ్గర కూడా లోపల కాయిల్స్‌లో ఇంకో 36 వాట్లు వేడిగా పోతుంటాయి. అందుకే ఎక్కువసేపు ఆ లోడ్ మీద ఉంచితే కాయిల్స్ కాలుతున్న వాసన వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 16 ఓములు అంతా రాగి తీగ రెసిస్టెన్సేనా, లేక కొంత ఇండక్టెన్సా, అంటే మారే కరెంటును కాయిల్ వేడెక్కకుండానే అడ్డుకోవడమా? జనరేటర్ ఆపేసి, ఓమ్ రేంజ్‌లో కాయిల్స్ రెసిస్టెన్స్ కొలువు. 13, 14 వస్తే నేను చెప్పిన లెక్క దాదాపు సరిపోతుంది. 5 వస్తే మిగతాది ఇండక్టెన్స్ వల్ల వచ్చింది. అప్పుడు అదే 16 ఓముల లోడ్‌లో 55 వాట్ల దాకా రావచ్చు. మొత్తం ఇండక్టెన్సే అయినా 72 దాటదు. అంటే ఖాళీ వోల్టేజిని షార్ట్ కరెంటుతో గుణిస్తే వచ్చేదానిలో నాలుగో వంతు నుంచి సగం లోపే నిజమైన పవర్. ఇనుప కోర్ లేకుండా చుట్టిన కాయిల్స్ కాబట్టి నీది నాలుగో వంతుకే దగ్గరగా ఉంటుందని నా అంచనా.

ఇక లోడ్ ఏం పెట్టాలి అనేది.

ఎల్‌ఈడీ బల్బులు వద్దు. నువ్వు 12 వోల్టుల 9 వాట్ల బల్బులు నాలుగు సిరీస్‌లో పెట్టి, వెలిగాయి కాబట్టి 36 వాట్లు వస్తున్నాయని అనుకున్నావు. ఎల్‌ఈడీ తన కరెంటులో పదో వంతుతో కూడా వెలుగుతుంది, చీకటి గదిలో మన కంటికి అది చాలా వెలుగు లాగానే కనిపిస్తుంది. ఇచ్చినదానికంటే ఎక్కువ కరెంటు వస్తుందని యూట్యూబులో చూపించే ఫ్రీ ఎనర్జీ వీడియోలు చాలా ఈ ఒక్క విషయం మీదే నడుస్తున్నాయి. పాత ఫిలమెంట్ బల్బు కొంత నయం, ఎర్రగా ఉందో తెల్లగా ఉందో చూస్తే పవర్ ఎంతో అందాజ తెలుస్తుంది. అయితే దాని రెసిస్టెన్స్ నిలకడగా ఉండదు. 230 వోల్టుల 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. చల్లని బల్బును మీటరుతో కొలిచి లెక్క వేస్తే మోసపోతావు.

నేను చెప్పేది కరెంటు పొయ్యిలో వేసే నిక్రోమ్ స్ప్రింగు కాయిల్. ఎలక్ట్రికల్ షాపులో 2000 వాట్ల హీటర్ కాయిల్ అంటే ఇస్తారు. 230 వోల్టుల మీద 2000 వాట్లు అంటే దాని మొత్తం రెసిస్టెన్స్ 26 ఓములకు కొంచెం ఎక్కువ. దాన్ని సమానంగా సాగదీసి, ఒక పింగాణీ పలక మీదో పాత టైల్ మీదో బిగించు. మొసలి క్లిప్పు ఎక్కడ పెడితే అక్కడికి రెసిస్టెన్స్. 60 శాతం పొడవు దగ్గర పెడితే 16 ఓములు. రెండు కాయిల్స్ సిరీస్‌లో పెడితే 53 ఓముల దాకా పోవచ్చు. వేడెక్కినా నిక్రోమ్ రెసిస్టెన్స్ కొద్ది శాతమే పెరుగుతుంది. పైగా ఇది ఉత్త రెసిస్టెన్స్. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది సరాసరి వాట్లు. పవర్ ఫ్యాక్టర్ గొడవ, అంటే వోల్టేజి, కరెంటు ఒకే లయలో లేక నిజమైన వాట్లు తగ్గడం, ఉండదు.

పవర్ ఫ్యాక్టర్ మాట ఎందుకు తెచ్చానంటే, ఎవరో నీకు బ్రిడ్జికి ముందు, కాయిల్స్‌కే నేరుగా కెపాసిటర్ కలపమని సలహా ఇస్తారు. కలిపితే రెజొనెన్స్ దగ్గర వోల్టేజి ఒక్కసారిగా 100, 150 దాటి పోవచ్చు. చూసినవాళ్లకు పవర్ పెరిగినట్టు అనిపిస్తుంది. అక్కడ కరెంటు కాయిల్‌కూ కెపాసిటర్‌కూ మధ్య అటూ ఇటూ ఊగుతోంది తప్ప బయటికి పోవడం లేదు. ఆ వోల్టులను ఆ ఆంపియర్లతో గుణిస్తే వోల్ట్‌ఆంపియర్లు వస్తాయి, వాట్లు రావు. పైగా ఆ వోల్టేజి షాక్ కొడుతుంది.

ఇప్పుడు మీటరు సంగతి. నీ ఫోటోలో ఉన్నది డీటీ-830డీ, పసుపు రంగు మీటరు. మంచి మీటరే, వైండింగ్ షాపులో నేనూ అదే వాడాను. కానీ దానికి ఏసీ ఆంపియర్ల రేంజ్ అసలు లేదు. అందుకే నువ్వు బ్రిడ్జి పెట్టాల్సి వచ్చింది. ఇక దాని ఏసీ వోల్టుల రేంజ్ ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చేసి చూడు. 9 వోల్టుల బ్యాటరీ తీసుకొని ఏసీ 200 రేంజ్‌లో పెట్టు. ఒక వైపు పెడితే 20 దగ్గర చూపిస్తుంది, ప్రోబులు తిప్పి పెడితే సున్నా. ఎందుకంటే అది తరంగంలో సగాన్నే తీసుకొని, దాని సగటు చూసి, "ఇది 50 హెర్ట్జ్‌ల ఇంటి కరెంటు లాంటి చక్కని సైన్ తరంగం" అని నమ్మి 2.22తో గుణించి చూపిస్తుంది. నీ జనరేటర్ తరంగం సైన్ కాకపోతే ఆ అంకె తప్పు. డీసీ కలిసి ఉంటే మరీ తప్పు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో బ్రిడ్జి తర్వాత డీసీని ఏసీ రేంజ్‌లో కొలిచి, రెట్టింపు అంకెలు రిజిస్టరులో రాశాను. ఆ పేజీని మా సీనియర్ నా ఎదుటే ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ రోజు నుంచి రేంజ్ నాబ్ చూడకుండా అంకె రాయలేదు.

నీ యంత్రం ఫ్రీక్వెన్సీ లెక్క వేద్దాం. ఒక్కో ప్లేటు మీద 12 అయస్కాంతాలు అంటే 12 పోల్స్. పోల్స్‌ను చుట్లతో గుణించి 120తో భాగించాలి: 12 ఇంటూ 1500, బై 120, అంటే 150 హెర్ట్జ్‌లు. ఈ మీటరు ఏసీ రేంజ్ 400 హెర్ట్జ్‌ల దాకా పనికొస్తుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ వరకు నీకు ఇబ్బంది లేదు. ఈ లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది. ఫ్రీక్వెన్సీ చూపించే మీటరు ఉంటే చుట్లు కొలిచే టాకోమీటర్ అక్కర్లేదు. 150 అంటే 1500 చుట్లు, 120 అంటే 1200 చుట్లు. లోడ్ పెట్టగానే స్పీడు పడిపోతుంది. ఆ పడిపోయిన స్పీడు రాయకపోతే మిగతా అంకెలకు విలువ లేదు.

కొత్త మీటరు కొనే ఆలోచన ఉంటే దాని మీద ట్రూ ఆర్‌ఎంఎస్ (తరంగం ఏ ఆకారంలో ఉన్నా సరిగ్గా కొలిచేది) అని ఉండాలి, ఏసీ ఆంపియర్లు, హెర్ట్జ్‌లు ఉండాలి. కొనలేకపోతే పసుపు మీటర్లతోనే సరిగ్గా కొలిచే దారి ఉంది: కొలతను డీసీ వైపుకు తెచ్చుకో. బ్రిడ్జి తర్వాత 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టు, దాని తర్వాత నిక్రోమ్ లోడ్ పెట్టు. అక్కడ వోల్టేజి, కరెంటు రెండూ దాదాపు సాఫీగా ఉంటాయి. డీసీ రేంజ్‌లో మామూలు మీటరు కూడా నమ్మదగిందే. కెపాసిటర్ 63 వోల్టులది కొనొద్దు. 48 వోల్టుల ఏసీ శిఖరం 68 వోల్టుల దాకా పోతుంది, లోడ్ ఊడిపోతే కెపాసిటర్ పేలుతుంది. 100 వోల్టులది తీసుకో. బ్రిడ్జిలో రెండు డయోడ్లలో కలిపి 1.4 వోల్టుల దాకా పోతుంది, అది నష్టం కిందే రాసుకో.

మీటర్లు రెండు కావాలి. ఒకదాన్నే కాసేపు వోల్టులకు, కాసేపు ఆంపియర్లకు మార్చి పెడితే మళ్లీ మొదటి తప్పే చేస్తావు. ఆంపియర్ల మీటరు సిరీస్‌లో ఉండాలి, వోల్టుల మీటరు ప్రోబులు సరిగ్గా లోడ్ రెండు చివరలకే తగలాలి. చవక మీటరులో 10 ఆంపియర్ల సాకెట్‌కు ఫ్యూజు ఉండదు, పదేసి సెకన్లకు మించి పెద్ద కరెంటు పారనీయొద్దని మీటరు మీదే రాసి ఉంటుంది. మీటరును రోటర్ పక్కనే పెట్టకు, క్లాంప్ మీటరైతే అసలే పెట్టకు. నియోడిమియం అయస్కాంతాలు దాని అంకెలను చెడగొడతాయి. క్లాంప్ మీటరుతో చిన్న కరెంటు కొలవాలంటే వైరును దవడలో పది చుట్లు తిప్పి, వచ్చినదాన్ని పదితో భాగించు.

ఇన్‌పుట్ వైపు కూడా ఇదే నియమం. ఆ 8 ఆంపియర్లు ఎప్పుడు కొలిచావో నువ్వు రాయలేదు. జనరేటర్‌కు లోడ్ లేనప్పుడైతే ఆ 96 వాట్లు మొత్తం మోటారు వేడికి, బేరింగ్ రాపిడికి, గాలికి, మోటారు ఇనుములో నష్టాలకు పోయినట్టు. లోడ్ పెట్టగానే అది పెరుగుతుంది. బ్యాటరీ వోల్టేజి కూడా 12 దగ్గర ఆగదు, 11.5కు పడొచ్చు. పైగా సన్నని వైర్లలో, మీటరు ప్రోబుల్లో కలిపి 0.1 ఓము ఉన్నా 8 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టులు అక్కడే మిగిలిపోతాయి. అందుకే ఇన్‌పుట్ వోల్టేజిని బ్యాటరీ దగ్గర కాకుండా మోటారు టెర్మినళ్ల దగ్గర కొలువు. ఇన్‌పుట్‌కు రెండు, అవుట్‌పుట్‌కు రెండు, మొత్తం నాలుగు మీటర్లు. స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకో, ఒక గంట పనే. నాలుగు స్క్రీన్లు ఒకే ఫోటోలో పడేలా ఫోన్‌తో ఫోటో తీస్తే నాలుగు అంకెలూ ఒకే క్షణానివని ఎవరికైనా చూపించొచ్చు.

మోటారుకు స్పీడ్ కంట్రోలర్ పెట్టి ఉంటే అది తీసెయ్. అది కరెంటును ముక్కలు ముక్కలుగా పంపిస్తుంది, మామూలు మీటరు దాన్ని ఎటుపడితే అటు చూపిస్తుంది.

230 వోల్టుల డ్రిల్లుతో జనరేటర్ తిప్పేవాళ్లకు ఒక సులువైన దారి: ఇంటి కరెంటు మీటరే. దాని మీద ఎర్ర లైటు మిణుకుతుంది, పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని ఇంపల్స్‌లో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే ఒక్కో మిణుకు 1125 జౌళ్లు. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాను, వైఫై సహా అన్నీ ఆపి, డ్రిల్లు ఒక్కటే నడిపి ఐదు నిమిషాలు మిణుకులు లెక్కపెట్టు. 27 వస్తే 30 వేల జౌళ్లు, 300 సెకన్లతో భాగిస్తే 100 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ గురించి నువ్వు ఆలోచించనక్కర్లేదు, బిల్లు వేసే మీటరు నిజమైన వాట్లనే కొలుస్తుంది.

బ్యాటరీని చార్జ్ చేసి "వోల్టేజి 12.2 నుంచి 12.9కి పెరిగింది, అంటే ఇంత ఎనర్జీ వచ్చింది" అనే లెక్క మాత్రం వేయకు. చార్జింగ్ ఆపిన వెంటనే ఉండే వోల్టేజి పైపై వోల్టేజి. కొన్ని గంటలు పక్కన పెడితే దిగిపోతుంది.

ఇంతవరకు చెప్పింది మీటర్లను నమ్మి చేసే కొలత. ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన పద్ధతి చెప్తాను. మీటరు తప్పు చెప్పినా తరంగం ఎంత వంకర ఉన్నా పవర్ ఫ్యాక్టర్ ఏదైనా ఇది తప్పదు. నీళ్లు వేడి చేయడం.

జూల్ అనే ఇంగ్లండ్ ఆయన పేరు మీదే మనం జౌళ్లు లెక్కపెడుతున్నాం. మాంచెస్టర్ దగ్గర వాళ్ల కుటుంబానికి బీరు తయారుచేసే వ్యాపారం ఉండేది. 1843లో ఆయన ఒక కాయిల్‌ను నీళ్లున్న గాజు గొట్టంలో పెట్టి, విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య తిప్పి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. తిప్పడానికి పెట్టిన శ్రమకూ వచ్చిన వేడికీ లెక్క అట్లా కుదిర్చాడు. నువ్వు ఇంట్లో చేసిందీ అట్లాంటి యంత్రమే తమ్ముడూ. ఆయన దగ్గర ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు లేదు, థర్మామీటరు ఉంది. అది చాలింది.

ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4186 జౌళ్లు కావాలి. నీ జనరేటర్ నిజంగా 36 వాట్లు ఇస్తే పది నిమిషాల్లో 21,600 జౌళ్లు. అరలీటరు నీళ్లు అప్పుడు 10 డిగ్రీలకు కొంచెం ఎక్కువ వేడెక్కాలి. 144 వాట్లు ఇస్తే 41 డిగ్రీలు వేడెక్కాలి. తేడా వేలు పెట్టి చూసినా తెలిసిపోతుంది.

చేసే తీరు ఇది. నిక్రోమ్ కాయిల్‌లో 16 ఓముల ముక్క కోసి, రెండు చివరలకు లావు రాగి తీగ బిగించు. వెడల్పు మూతి ఉన్న థర్మాస్‌లో, అది లేకపోతే థర్మోకోల్ చుట్టిన స్టీలు డబ్బాలో, అరలీటరు నీళ్లు కాటా మీద 500 గ్రాములు తూచి పొయ్యి. తాగే నీళ్లు చాలు. స్ప్రింగు మొత్తం మునగాలి, డబ్బా గోడకు తగలొద్దు. వంటింట్లో వాడే డిజిటల్ ప్రోబ్ థర్మామీటరు, పదో వంతు డిగ్రీ చూపించేది పెట్టు. జ్వరం చూసేది పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. చెక్క పుల్లతో కలుపుతూ ఉండు, లేకపోతే పైనీళ్లు వేడిగా, కింది నీళ్లు చల్లగా ఉండి అంకె తప్పుతుంది.

గది వేడి వల్ల వచ్చే తప్పును కోసేయడానికి ఒక ఉపాయం ఉంది. నీళ్లను గది కంటే ఐదు డిగ్రీలు తక్కువ నుంచి మొదలుపెట్టి, ఐదు డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపు. మొదటి సగంలో గది నుంచి ఎంత వేడి లోపలికి వస్తుందో, రెండో సగంలో దాదాపు అంతే బయటికి పోతుంది. మన దగ్గర ఎండాకాలంలో మట్టి కుండ నీళ్లు తీసుకుంటే అదే సరిపోతుంది.

తర్వాత ఇంకో అడుగు ఉంది, దీన్నే చాలామంది చేయరు. జనరేటర్ తీసేసి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి, అదే స్ప్రింగుకు, అదే డబ్బాలో, మళ్లీ 500 గ్రాముల చల్లని నీళ్లకు 24 వోల్టుల డీసీ ఇవ్వు. 16 ఓముల మీద 24 వోల్టులంటే 1.5 ఆంపియర్లు, 36 వాట్లు. డీసీ కాబట్టి ఈ అంకెను పసుపు మీటరు కూడా సరిగ్గా చెప్తుంది. పది నిమిషాలకు ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూడు. జనరేటర్‌తో 9 డిగ్రీలు, బ్యాటరీతో 10 డిగ్రీలు పెరిగితే జనరేటర్ ఇచ్చింది బ్యాటరీ ఇచ్చినదాంట్లో పదింట తొమ్మిది వంతులు. డబ్బా మింగిన వేడి, థర్మామీటరు తప్పు రెండింటికీ సమానమే కాబట్టి కొట్టుకుపోతాయి. నీళ్ల 4186 లెక్క కూడా అక్కర్లేదు.

ఒకసారి ములుగు వైపు నుంచి ఒక పెద్దాయన పెద్ద ఫ్లైవీల్ జనరేటర్‌ను ట్రాలీలో వేసుకొని మా ల్యాబ్‌కు వచ్చారు. ఆయన మంచి ఫిట్టర్, చక్రం బ్యాలెన్స్ చూస్తే ముచ్చటేసింది. మోటారు స్విచ్ ఆపేసినా బల్బు వెలుగుతూనే ఉంది కదా, అంటే చక్రం సొంతంగా ఎనర్జీ ఇస్తోంది అని ఆయన నమ్మకం. 50 కిలోల చక్రం, 60 సెంటీమీటర్ల వ్యాసం, 600 చుట్లు అనుకుంటే అందులో దాచిన శక్తి దాదాపు 4400 జౌళ్లు. 100 వాట్ల బల్బును 44 సెకన్లు వెలిగిస్తుంది, ఆ తర్వాత ఆగుతుంది. అది చక్రం ఇచ్చింది కాదు, అంతకుముందు మోటారు అందులో పోసింది. ఆయనతో వాదించలేదు. నీళ్ల పరీక్ష పెట్టాం. థర్మామీటరు ఆయన చేతికే ఇచ్చాం, టైమ్ ఆయనే చూసుకున్నారు, అంకెలు ఆయన నోట్‌బుక్‌లో ఆయనే రాసుకున్నారు. మోటారు తీసుకున్నదాంట్లో సగం కంటే తక్కువే నీళ్లలోకి వచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సగం ఎక్కడ పోయింది?" అని అడిగారు. ఆ సాయంత్రం మిగతా సగాన్ని బెల్టులో, బేరింగుల్లో, వైండింగులో చెయ్యి పెట్టి వెతికాం. బెల్టు పుల్లీ పట్టుకోలేనంత వేడిగా ఉంది.

నీ యంత్రానికీ ఆ వెతుకులాటే మేలు చేస్తుంది. చిన్న డీసీ మోటారు, చేత్తో చుట్టిన కాయిల్స్ కలిపి మొత్తం మీద 40 శాతం వచ్చిందంటే మంచి పని చేసినట్టే. జనరేటర్ ఒక్కదాని సామర్థ్యం వేరుగా కావాలంటే షాఫ్ట్ మీద మెలితిప్పే బలం కొలవాలి. మోటారు బాడీని బేరింగుల మీద స్వేచ్ఛగా ఊగేలా కూర్చోబెట్టి, దానికి మధ్య నుంచి 10 సెంటీమీటర్ల పట్టీ బిగించి, పట్టీ చివర సామాను తూచే డిజిటల్ కాటా తగిలించు. 1500 చుట్ల దగ్గర కాటా 1 కిలో చూపిస్తే షాఫ్ట్ మీద 154 వాట్లు. 390 గ్రాములు చూపిస్తే 60 వాట్లు. 60 పోయి 36 వస్తే జనరేటర్ సామర్థ్యం 60 శాతం.

"వైర్లు షార్ట్ చేసినా మోటారు స్పీడు తగ్గలేదు, అంటే లెంజ్ సూత్రం వర్తించడం లేదా?" అని కూడా చివర్లో అడిగావు. కాయిల్‌లో పుట్టే కరెంటు తనను పుట్టించిన కదలికనే ఎదిరిస్తుందని లెంజ్ 1834లో చెప్పిన సూత్రం నీ కాయిల్స్‌లోనూ అట్లాగే పనిచేస్తుంది. పూర్తి షార్ట్ చేసినప్పుడు బయటికి పోయే పవర్ సున్నా, లోపల రాగిలో పోయేదే మోటారు మీద బరువు. ఇండక్టెన్స్ ఎక్కువున్న జనరేటర్‌లో కరెంటు వోల్టేజి కంటే వెనకబడి పారుతుంది కాబట్టి షార్ట్ దగ్గర లాగుడు తక్కువగా ఉంటుంది. నిజంగానే స్పీడు తగ్గకపోతే నీదానిలో ఇండక్టెన్స్ నా అంచనా కంటే ఎక్కువుందేమో, కాయిల్స్ రెసిస్టెన్స్ కొలిస్తే తేలుతుంది. అదే జనరేటర్‌కు 16 ఓముల లోడ్ పెట్టి చూడు, మోటారు గొంతు మారడం చెవికే తెలుస్తుంది. అది మాత్రం చేసి నాకు చెప్పు. స్పీడు తగ్గడం, మోటారు కరెంటు పెరగడం రెండూ కనిపించాలి.

జాగ్రత్తల గురించి రెండు మాటలు, ఇవి మాత్రం పట్టించుకోవాలి. షాఫ్ట్ మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అయస్కాంతం 3000 చుట్ల దగ్గర సెకనుకు 31 మీటర్ల వేగంతో పోతుంది, అంటే గంటకు 113 కిలోమీటర్లు. ఫెవిక్విక్‌తో అంటిస్తే సరిపోదు. ఎపాక్సీ పోసి, చుట్టూ ఫైబర్ టేపు గట్టిగా బిగించు, తిరిగేటప్పుడు చక్రానికి ఎదురుగా, అంచు వరసలో నిలబడకు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే శక్తి పోగొట్టుకుంటాయి, కాబట్టి నీళ్ల పరీక్షకు పట్టే పది నిమిషాలు తప్ప ఎక్కువ లోడ్ మీద ఎక్కువసేపు నడపకు. రెండోది, ఎంత చిన్న జనరేటర్ అయినా దాన్ని ఇంటి వైరింగుకు, ప్లగ్ సాకెట్‌కు ఎప్పుడూ కలపొద్దు. కరెంటు పోయినప్పుడు నీ వైపు నుంచి పోయే వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి 11 వేల వోల్టుల లైను మీదికి పోగలదు. ఆ లైను బంద్ అని నమ్మి స్తంభం మీద చెయ్యి పెట్టిన లైన్‌మన్ ఎవరో ఒకరి ఇంటి మనిషి.

వరంగల్ వచ్చే పని ఉంటే, మీకు దగ్గరి పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో ఎలక్ట్రికల్ విభాగంలో అడిగి చూడు. మెషిన్స్ ల్యాబ్‌లో విద్యార్థులతో చేయించే ప్రయోగాల్లో జనరేటర్ ఓపెన్ సర్క్యూట్ పరీక్ష ఒకటి, లోడ్ టెస్టు ఇంకొకటి, రెండూ వేరువేరుగా ఉంటాయి. ఎందుకు వేరుగా పెట్టారో నీకు ఇప్పుడు తెలుసు. వాట్‌మీటరు, రెండు చానెళ్ల ఆసిలోస్కోపు అక్కడ ఉంటాయి. ముందే ఉత్తరం రాసి, లెక్చరర్ అనుమతి తీసుకొని వెళ్లు. "ఫ్రీ ఎనర్జీ చేశాను" అని రాయకు. "పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్‌కు లోడ్ టెస్టు చేయాలి" అని రాయి.

ఈ వారం చేయాల్సింది: లోడ్ లేకుండా, తర్వాత 53, 32, 16, 8 ఓముల దగ్గర ఐదు వరుసలు. ప్రతి వరుసలో ఫ్రీక్వెన్సీ, అవుట్‌పుట్ వోల్టులు, ఆంపియర్లు, మోటారు టెర్మినళ్ల వోల్టులు, మోటారు ఆంపియర్లు. కింద కాయిల్ రెసిస్టెన్స్, తీగ గేజి, చుట్ల సంఖ్య, నీళ్ల పరీక్షలో జనరేటర్‌తో పెరిగిన డిగ్రీలు, బ్యాటరీతో పెరిగిన డిగ్రీలు. ఇక్కడే పెట్టు. నేను ముందు 16 ఓముల వరుస చూస్తాను. అది 36కు దూరంగా ఉంటే కారణం ఎట్లా పట్టుకోవాలో అప్పుడు చెప్తాను.